ముంగిట గింజలు – మూసిన పంజరము

ధనుర్మాసమున తెల్లవారకమునుపే శ్రీవైష్ణవ గృహములందు తిరుప్పావై పారాయణము వినవచ్చును. తిరుమల దివ్యసన్నిధిలో ఆ నెలనాళ్లు సుప్రభాతమునకు మారుగా గోదాదేవి పాశురములే స్వామిని మేల్కొలుపును. ఆ ముప్పది పాశురములలో నిద్రించు చెలిని లేపు ఘట్టము ఆఱవ పాశురముతో ఆరంభమగును. తెల్లవారినదని నమ్మించుటకు గోదాదేవి చూపిన మొట్టమొదటి గుర్తు పక్షుల కలకలము. పక్షిరాజునకు ప్రభువైనవాని కోవెలలో శంఖము మ్రోగుట ఆ వెనుకటి మాట. ఏడవ పాశురమున భారద్వాజపక్షులు ఒండొంటితో మాటలాడుకొను సవ్వడి. పదుమూడవ పాశురమున మరల పక్షుల కూతలు. భగవంతుని మేల్కొలుపు పాటలో పక్షికి ఇంతటి తావు ఊరక లభింపలేదు.

నమ్మాళ్వారులు తిరువాయిమొళిలో పక్షులను స్వామికడకు దూతలుగా పంపినారు. ఆ పక్షులనగా ఆచార్యులనియు, వారి రెండు ఱెక్కలు జ్ఞానానుష్ఠానములనియు పూర్వులు వ్యాఖ్యానించిరి. ఒక్క ఱెక్కతో పక్షి ఎగురలేనట్లే, తెలిసియు ఆచరింపనివాడు ఒకరిని గమ్యము చేర్చలేడు. ఈ అంతరార్థము మిక్కిలి రమ్యమైనది. కాని అంతరార్థమునకు ఆధారము కనులయెదుట ఎగురు పక్షియే గదా! నేడు పట్టణములలో ముప్పది పాశురములను తప్పులేకుండ అప్పగించు బాలికలు ఎందఱో కలరు. వారిలో వేకువజామున పక్షి కూత విని మేల్కొన్నవారు ఎందఱు? ఎన్నడును వినని కూతను గూర్చి పాడిన పాట నోటిలోనే నిలిచిపోవును. ఇంటి ముంగిటికి నాలుగు పక్షులు వచ్చి పోవునట్లు చేయుట పనిలేనివారి వేడుకయని తలంచువారు ఈ సంగతిని కొంచెము ఆలోచింపవలసియున్నది.

గృహస్థునకు విధింపబడిన పంచమహాయజ్ఞములలో భూతయజ్ఞము ఒకటి. ఇది మిగిలిన నాలుగింటికంటె సులభమైనది. వండిన అన్నములో ఒక పిడికెడు చాలును. మనుస్మృతి మూడవ అధ్యాయమున కుక్కలు, కాకులు, క్రిములు మున్నగువాని కొఱకు అన్నమును నేలపై మెల్లగా ఉంచవలెనని చెప్పబడినది. ఆ 'మెల్లగా' అను మాట గమనింపదగినది. అన్నమునకు దుమ్ము అంటకుండుటకై అట్లు చెప్పబడినదని వ్యాఖ్యానము. కాకి తినబోవు ముద్దకు దుమ్ము అంటరాదని ధర్మశాస్త్రకర్త తలంచెను! విసరివేయుట వేఱు, వడ్డించుట వేఱు. తనకొఱకే వండుకొనువాడు పాపమునే భుజించుచున్నాడని గీతాచార్యుడు మూడవ అధ్యాయమున హెచ్చరించినాడు. కావున పక్షికి పెట్టు పిడికెడు దయాధర్మము కాదు, ఋణము. అప్పు తీర్చువాడు ఎదుటివానికి ఉపకారము చేసితినని చెప్పుకొనడు.

వైశ్వదేవ మంత్రములు నేర్వని రైతు ఈ ఋణమును తనకు తెలిసిన తీరున తీర్చెను. గోదావరి సీమలో వరికోతలైన పిమ్మట నిండు కంకులను ఏరి, జడవలె అల్లి, కుచ్చుగా కట్టి ఇంటి చూరునకును ఆలయ మండపమునందలి దూలములకును వ్రేలాడదీయుట ఆచారము. తాలు కంకులు కుచ్చునకు పనికిరావు. గింజ గట్టిగా ఉన్న కంకినే ఏరవలెను. పిచ్చుక వచ్చి కంకిని కాళ్లతో పట్టుకొని, తలక్రిందుగా వ్రేలాడి, ఒక్కొక్క గింజను ముక్కున నొక్కి, పొట్టు వదలి, బియ్యపుగింజను మ్రింగును. క్రింద నేలపై పొట్టు పసుపురంగు ముగ్గువలె పడియుండును. ఆలయములో కట్టిన కుచ్చునకు కాపలా లేదు, దాతపేరు చెక్కిన రాయి లేదు. ఏ పిచ్చుక ఎంత తిన్నదో లెక్క వ్రాయువారును లేరు.

ఇంతవరకు చదివినవారికి పక్షికి ఆహారము పెట్టిన చాలునని తోచవచ్చును. తెలుగునాట పిల్లలు సైతము ఎఱిగిన ఒక కథ అట్లు కాదని చెప్పుచున్నది.

17వ శతాబ్దిలో నేలకొండపల్లి వాస్తవ్యుడైన కంచెర్ల గోపన్న గోలకొండ ప్రభువగు తానీషా ఏలుబడిలో పాల్వంచ పరగణాకు తహసీలుదారుగా ఉండెను. ఆయన రాజధనముతో భద్రాద్రిపై శ్రీరామునకు ఆలయము కట్టించుటయు, ఆ ధనము కొఱకు ప్రభువు ఆయనను గోలకొండ కోటలో బంధించుటయు, ఆయన చెఱలోనుండి కీర్తనలతో స్వామిని మొఱపెట్టుకొనుటయు లోకవిదితము. రామదాసు బందిఖానాయని నేటికిని ఆ కోటలో యాత్రికులకు ఒక చీకటిగదిని చూపుచుందురు. స్వామికి గుడి కట్టినవానికి పండ్రెండేండ్ల చెఱ ఏల కలిగినది? భక్తులు పరంపరగా చెప్పుకొను సమాధానము ఇది: పూర్వజన్మమున ఆయన ఒక చిలుకను పండ్రెండేండ్లు పంజరమున ఉంచెను. ఆ పండ్రెండేండ్లే ఈ పండ్రెండేండ్లు.

ఈ కథను కర్మసిద్ధాంతమునకు ఉదాహరణముగా చెప్పి ముగించుట పరిపాటి. కాని ఆ చిలుకను కొంచెము దగ్గఱగా చూడవలెను. కథలో ఎక్కడను యజమాని దానిని హింసించెనని లేదు, ఆకలితో మాడ్చెనని లేదు. చిలుకను ముద్దుగా పెంచుకొనువాడు దానికి జామపండు పెట్టును, పాలన్నము పెట్టును, రామనామము నేర్పును. అది పలికినప్పుడెల్ల మురిసిపోవును. పండ్రెండేండ్లు బ్రదికిన చిలుక పండ్రెండేండ్లు తిండి తిన్న చిలుకయే గదా! ఆహారమే పుణ్యమైనచో ఆ యజమాని మహాపుణ్యాత్ముడు కావలెను. పెట్టిన చేయియే తలుపును మూసినది గనుక, పెట్టిన పుణ్యము మూసిన పాపమునకు చాటు కాలేదు.

ఇందు మఱియొక సంగతి కలదు. రామదాసు కట్టినది సామాన్యమైన గుడి కాదు, చేయించిన నగలు సామాన్యములు కావు. ఆ కైంకర్యమంతయు ఒకవైపు, అడవిలో పుట్టిన ఒక పక్షి రోజులు ఒకవైపు. స్వామి తన భక్తుని విడిపించుటకు తానే తానీషా ఎదుటికి వచ్చి పైకము చెల్లించెను గాని, చిలుక లెక్కలో ఒక్క దినమైనను తగ్గింపలేదు. ఆలయమునకు విరాళమిచ్చి ఇంటి వసారాలో పంజరము వ్రేలాడదీయు గృహస్థులు ఈ కథను మఱల ఒకమాఱు వినవలెను. అట్టివారు నేటికిని తక్కువగా లేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము ఈ దేశపు రామచిలుకను పట్టుటయు, అమ్ముటయు, పెంచుటయు నేరమే. రామచిలుకను 2018లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రపక్షిగా ప్రకటించినారు. ఐనను సంతలలో ఱెక్కలు కత్తిరించిన చిలుకలు చీట్లు తీయుచునే యున్నవి. తన గతి తానెఱుగని చిలుకను ఇతరుల భవిష్యత్తు అడుగుట వింతలలో వింత.

ఇక్కడ శ్రీవారి భక్తులకు ఒక సందేహము రావచ్చును. 15వ శతాబ్దిలో ప్రతివాదిభయంకరం అణ్ణన్ రచించిన శ్రీవేంకటేశ్వర సుప్రభాతములో పంజరములందలి చిలుకలు కన్నులు తెఱచి, పాత్రలలో మిగిలిన అరటిపండ్లను పాయసమును తిని విలాసముగా పలుకుచున్నట్లు ఒక శ్లోకము కలదు. నిత్యము వినెడి శ్లోకములోనే పంజరము ఉండగా పంజరము తప్పని ఎట్లు చెప్పవచ్చును? ఈ ప్రశ్నను తప్పించుకొని పోరాదు. ఆ శ్లోకము నాటి రాజగృహములందును సంపన్న మందిరములందును ఉండిన వాడుకను వర్ణించినది. అది విధి కాదు. స్తోత్రములో చామరములు, రత్నదీపములు ఉన్నంతమాత్రమున ప్రతి గృహస్థుడును వానిని సమకూర్చవలెనని అర్థము కానట్లే ఇదియు. ఆ శ్లోకములో నిలిచియుండవలసినది వేఱొకటి: స్వామి మేల్కొను వేళకు ముందే పక్షి మేల్కొన్నది, స్వామికి నివేదించిన పాయసములో దానికి భాగమున్నది, దాని పలుకు స్వామి వినుచున్నాడు. ఈ మూడింటిలో దేనికిని ఊచలు అక్కఱలేదు.

శ్రీవిల్లిపుత్తూరు సన్నిధి ఆచారము దీనిని మఱింత చక్కగా తెలుపుచున్నది. అక్కడ గోదాదేవి చేతనున్న చిలుక ప్రాణమున్న చిలుక కాదు. అది ప్రతిదినము పచ్చని ఆకులతో క్రొత్తగా కూర్చబడును. దాని ముక్కునకు దానిమ్మపువ్వు. నేటి చిలుక రేపటికి వాడును, రేపు మఱియొకటి సిద్ధమగును. లక్షలమంది భక్తులు చూచుచున్న ఆ చేతిలో ఏనాడును ఒక జీవము బంధింపబడలేదు.

పంజరమనగా ఊచలే కానక్కఱలేదు. విజయదశమినాడు పాలపిట్టను చూచుట శుభమని తెలుగువారి నమ్మకము. అది తెలంగాణ రాష్ట్రపక్షి కూడ. పూర్వము జమ్మిచెట్టుకు పోవు దారిలో, పొలము గట్టున, తీగపైనో కొమ్మపైనో నీలపు ఱెక్కల మెఱపు కనబడినప్పుడు చేతులు జోడించెడివారు. కనబడుట దైవాధీనము గనుకనే అది శుభము. ఇటీవలి కాలమున నగరములలో కొందఱు పాలపిట్టలను వలవైచి పట్టి, కాళ్లు కట్టి, ఱెక్కలు విచ్చుకొనకుండ అంటించి, పండుగనాడు ఇంటింటికి చూపి పైకము తీసికొనుచున్నారు. చూచినవారు దర్శనమైనదని సంతోషించుచున్నారు. కట్టివేసి తెచ్చిన శుభమును కొనుక్కొనుట దర్శనమగునా? పైకమిచ్చినవాడు మఱుసటేడాది మఱియొక పక్షిని పట్టుటకు పెట్టుబడి పెట్టినవాడగుచున్నాడు. పుణ్యము కొఱకు పంజరములోని పక్షులను కొని విడుచు ఆచారమునకును ఇదే దోషము కలదు. విడుచుటకు కొనువారున్నంతకాలము పట్టువారు ఉందురు.

భగవద్రామానుజులు జీవునికిని భగవంతునికిని గల సంబంధమును శేషశేషిభావముగా నిరూపించిరి. తన ప్రయోజనము కాక ఎదుటివాని అతిశయమే ప్రయోజనముగా ఉండుట శేషుని స్వరూపము. స్వామికి పుష్పమాల సమర్పించువాడు ఆ పువ్వు వాసన తాను ముందు చూడడు. సర్వభూతములలో అంతర్యామిగా ఉన్నవాడు అతడే యైనప్పుడు, పిచ్చుకకు పెట్టు గింజలోను ఆ నియమమే చెల్లవలెను. ముంగిట గింజలు చల్లు గృహస్థునకును పంజరపు యజమానికిని నడుమ ఉన్న దూరము అనుకొన్నంత పెద్దది కాదు. ఇద్దఱికిని పక్షి ప్రియమే, ఇద్దఱును దానిని దగ్గఱగా చూడగోరువారే. తన గోడపై వ్రాలిన చిలుక ప్రక్కింటి గోడకు పోయినప్పుడు మనస్సు చివుక్కుమన్నచో, చేతిలో పంజరము లేకున్నను మనస్సులో దాని తలుపు సగము మూసినట్లే.

కావున ఎవరి మేలు కొఱకు పెట్టుచున్నారో తెలిసికొని పెట్టవలెను. దీనికి శాస్త్రపాండిత్యముకంటె కన్నులు ఎక్కువ అవసరము. కొఱ్ఱలు, సజ్జలు, నూకలు, వడ్లు పిచ్చుకకును గువ్వకును తగినవి. ఉప్పులేని మెతుకులు కాకికిని గోరువంకకును సరిపోవును. ఊరగాయ కలిసిన అన్నము, నూనెలో వేచిన పిండివంటలు, బూజుపట్టిన వేరుసెనగలు పక్షికి కీడు చేయును. మిగిలిపోయినదానిని పాఱవేయు తావుగా పక్షి కడుపును ఎంచరాదు. మధ్యాహ్నమునకు ముగిసిపోవునంతయే పెట్టవలెను. రాత్రికి మిగిలినచో ఎలుకలు చేరును, ఎలుకల వెనుక పాములు వచ్చును, అప్పుడు ఇంటిల్లిపాదియు పక్షులను నిందింతురు.

గింజకంటె నీరు ముఖ్యము. చైత్రవైశాఖములలో చెఱువులు ఎండినప్పుడు గింజ దొరకని పక్షి ఒకపూట ఓర్చుకొనునేమో గాని నీరు దొరకనిది ఓర్చుకొనలేదు. వెడల్పైన మట్టిమూకుడులో రెండంగుళముల లోతు నీరు పోసి, నడుమ ఒక గరుకురాయి ఉంచిన చాలును. చిన్నపిట్ట ఆ రాతిపై నిలిచి త్రాగును, కొన్నిమాఱులు స్నానమును చేయును. ప్రతిదినము మూకుడును తోమి నీరు మార్చవలెను. మార్చని నీటిలో దోమలు పెరుగును, పక్షులకు వ్యాధులును సోకును. దేవతార్చన పాత్రను తోమునంతటి శ్రద్ధ దీనికిని చెల్లును. పొదకు మరీ చేరువగా పెట్టినచో పిల్లి పొంచియుండును, మరీ దూరముగా బయట పెట్టినచో డేగ తన్నుకుపోవును. ఆఱేడడుగుల దూరము మేలు. పెద్ద అద్దపు కిటికీల ఎదుట పెట్టరాదు. అద్దములో చెట్టు నీడ చూచి అది ఆకాశమే యనుకొని పక్షి దూసికొనిపోయి తల పగులగొట్టుకొనును.

అన్ని పక్షులకును గింజయే ఆహారమనుకొనుటయు పొరపాటు. తేనెపిట్ట గింజను ముట్టదు. దానికి మందారము కావలెను. పికిలిపిట్టకు పండు కావలెను. గింజలు తిను పిచ్చుక సైతము క్రొత్తగా పొదిగిన పిల్లలకు పురుగులనే తెచ్చి పెట్టును. పెరటి మొక్కలపై విషపు మందు చల్లి, గోడపై కొఱ్ఱలు పోసిన గృహిణి తల్లిని తృప్తిపఱచి పిల్లలను పస్తుపెట్టినట్లే. పెంకుటిండ్ల చూరులలోను, పటముల వెనుకను, నూతి గోడల సందులలోను గూడు కట్టుకొన్న పిచ్చుకకు నున్నని సిమెంటు గోడలో తావు లేదు. 2010 నుండి మార్చి 20వ తేదీని ప్రపంచ పిచ్చుకల దినముగా జరుపుచున్నారు. ఒకప్పుడు ప్రతి ఇంటిలో తిరుగుచుండిన పక్షికి ఏడాదిలో ఒక దినము కేటాయింపవలసి వచ్చినదనిన, దాని స్థితి తెలియుచునేయున్నది.

పెట్టినవెంటనే పక్షులు వచ్చునని ఆశింపరాదు. మొదటి దినములలో ఏదియు రాదు. పిమ్మట కాకి వచ్చును. అది వెంటనే తినదు. తల ప్రక్కకు వాల్చి చూచును, ఒక అడుగు ముందుకు, రెండడుగులు వెనుకకు వేయును. సీతమ్మకు అపరాధము చేసి, మూడు లోకములు తిరిగి, దిక్కులేక రాముని పాదములపై పడిన కాకాసురునకు ప్రాణము దక్కి ఒక కన్ను పోయినదనియు, అందుచే కాకి తల వాల్చి చూచుననియు పెద్దలు చెప్పుదురు. నిజమునకు కన్నులు ఇరుప్రక్కల ఉన్న పక్షులెన్నియో అట్లే చూచును. ఐనను కాకి తల వాల్చినప్పుడు శరణాగతి జ్ఞప్తికి వచ్చు ఇల్లు ధన్యమైన ఇల్లే. తరువాత కాకి తనవారిని పిలుచును. ఆ పిలుపు విని గోరువంకలు, వానిని చూచి పిచ్చుకలు చేరును. వసంతమున ఆ కాకియే తన గూటిలో కోకిల పెట్టిపోయిన గ్రుడ్డును పొదిగి, పెరిగి నోరు తెఱచిన పరాయిపిల్లకు ముద్ద అందించును. కోకిలకు పరభృతమను పేరు అందుచేతనే వచ్చినది. గృహస్థుడు పెట్టిన మెతుకులు కాకినోట కోకిలపిల్ల కడుపునకు చేరుచున్నవి. తాను ఎవరికి పెట్టుచున్నాడో పెట్టువానికే తెలియదు.

ఇట్లు చూచుచు కూర్చుండుట కాలము వ్యర్థము చేయుటయని కొందఱందురు. భాగవతము ఏకాదశస్కంధమున అవధూత యదువునకు చెప్పిన ఇరువదినలుగురు గురువులలో పక్షులు కలవు. తెలుగు భాగవతమున ఈ స్కంధము వెలిగందల నారయ చేతిమీదుగా వెలసినది. పిల్లలు వలలో చిక్కగా తల్లియు, ఆమె వెనుక తండ్రియు తామై వలలో పడిన పావురముల జంటను అవధూత చూచెను. మాంసఖండమును పట్టుకొన్నంతసేపు తఱుమబడి, దానిని విడిచిన క్షణమున సుఖపడిన కురరపక్షిని చూచెను. ఆయన వానిని పట్టలేదు, పెంచలేదు. దూరమునుండి చూచినందుననే నేర్వగలిగెను. పంజరములోని పావురము ఆయనకు ఏమి నేర్పగలిగెడిది?

పెట్టువాని మనస్సు మంచిదైనంతమాత్రమున పెట్టినది మేలు కాదు. పుణ్యక్షేత్రములలో యాత్రికులు పావురములకు మూటలకొలది జొన్నలు క్రుమ్మరించుచున్నారు. ఒకే తావున వేలకొలది పావురములు చేరి, వాని రెట్టలు శిల్పములను తినివేయును, ఎండిన రెట్టల ధూళి ఊపిరితిత్తుల వ్యాధికి కారణమగును. చిన్నపక్షులకు తావే దొరకదు. ఇంటి గోడపై గుప్పెడు పెట్టువారు పదివేలమంది ఉండుట, ఒక్కచోట పదివేల గుప్పెళ్లు పోయుటకంటె మేలు. తిరుమల నడకదారిలో కోతులకు, ఇతర జంతువులకు తినుబండారములు పెట్టరాదని 2023లో దేవస్థానమువారు కఠినముగా చెప్పినారు. చిఱుత బాలలపై పడిన దుర్ఘటనల పిమ్మట వచ్చిన కట్టడి అది. శేషాచలము స్వామి అడవి. అక్కడి ప్రాణులకు చెట్లు పెట్టుచున్నవి, యాత్రికుని సంచి అక్కఱలేదు.

తెలియక చేసిన మేలు ఎంతటి కీడు కాగలదో చూపుటకు జటాయువు వంశముకంటె వేఱు నిదర్శనము అక్కఱలేదు. సీతాపహరణ సమయమున అడ్డుపడి ఱెక్కలు తెగిన ఆ వృద్ధ గృధ్రమునకు శ్రీరాముడు తన చేతులతో సంస్కారము చేసెను. కన్నతండ్రికి దక్కని భాగ్యము కళేబరములు తిను పక్షికి దక్కినది. కాంచీపురము చేరువనున్న తిరుప్పుట్కుళి దివ్యదేశమున స్వామి ఆ కారణముననే వెలసినాడని స్థలపురాణము. భద్రాచలము చెంతనున్న ఎటపాకలో జటాయువు పడిన తావును యాత్రికులు దర్శించుచున్నారు. ఆ రాబందులు ఊరి వెలుపల పడవైచిన పశుకళేబరములను గంటలలో శుద్ధిచేసి ఊరిని వ్యాధులనుండి కాపాడుచుండెను. 1990ల నుండి అవి కుప్పకూలసాగినవి. భారతదేశమునందలి మూడు జాతుల రాబందులలో నూటికి తొంబదికి మించి నశించినవి. కారణము 2004లో తెలియవచ్చినది. నొప్పితో బాధపడు పశువునకు రైతు దయతో వేయించిన డైక్లోఫెనాక్ అను మందు, ఆ పశువు చచ్చిన పిమ్మట దాని మాంసము తిన్న రాబంది మూత్రపిండములను చెఱచుచుండెను. ఎవరును రాబందిని చంపదలంపలేదు. గోవుపై దయయే జటాయువు సంతతికి విషమైనది. 2006లో పశువైద్యమున ఆ మందును నిషేధించిరి, 2023లో అట్టివే మఱి రెండు మందులను నిషేధించిరి. కీడు చేయని మెలాక్సికామ్ అను మందు దొరకుచున్నది. ఇంట పాడిపశువున్న భక్తుడు వైద్యుని అడిగి ఆ మందునే వేయించుట, తిరుప్పుట్కుళిలో వెలిగించు దీపమునకు తక్కువైన కైంకర్యము కాదు.

సంక్రాంతి దినములలో ఒకే వీధిలో రెండు దృశ్యములు కానవచ్చును. చూరున క్రొత్త ధాన్యపు కుచ్చు, మిద్దెపై గాజుపొడి అద్దిన గాలిపటపు దారము. కుచ్చుకై వచ్చు పిచ్చుక ఆ దారమునకు మెడ తెగి పడుచున్నది. పెద్దలు కుచ్చు కట్టునప్పుడు పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, వారిచేతనే కంకులు ఏరించి, నూలుదారముతో పటము ఎగురవేయుడని ఆ పూటనే చెప్పవచ్చును. ఇవి రెండును వేఱువేఱు మాటలు కావు.

కుచ్చులోని గింజలు మాఘమాసము దాటునప్పటికి అయిపోవును. వట్టి గడ్డి మాత్రము చూరున వ్రేలాడుచుండును. ఇల్లు చిమ్ముకొనువారు దానిని త్రెంచివేయుదురు. తెలిసిన గృహిణి దానిని అట్లే ఉంచును. ఫాల్గునచైత్రములలో పిచ్చుకలు మరల ఆ కుచ్చు కడకు వచ్చి, ఈమాఱు గింజకై కాక, ఒక్కొక్క గడ్డిపోచను లాగి ముక్కున కఱచుకొని గూటికై ఎగిరిపోవును. కొన్ని పోచలు ఆ ఇంటి చూరులోనికే చేరును, కొన్ని ఏ ఇంటికి పోవునో కానరాదు.